ఒప్పుకుంటున్నాను అని నొక్కిన మనిషి

మా మేడంగారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున, భవానీపురంలో వాళ్ళింట్లో, కాఫీ తాగి పేపరు చదువుకుంటూ కుర్చీలోనే వెళ్ళిపోయారట. వాళ్ళ తమ్ముడుగారు ఫోన్ చేసి చెప్పేటప్పటికి నేను సెంటర్లో ఒక పెళ్ళికార్డు సరిచేస్తున్నాను. పెళ్ళికూతురి తండ్రి నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఆయనకేమీ చెప్పలేదు. కార్డు పూర్తి చేసి, ఒకటికి రెండుసార్లు చదివి, ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన మెట్లు దిగిపోయాక తలుపు దగ్గరగా వేసి అప్పుడు ఏడ్చాను. పని సగంలో వదిలి లేవడం ఆవిడకు నచ్చదు.

నేను భవానీపురం చేరేసరికి ఆ రోజు పేపరు ఇంకా టీపాయ్ మీదే ఉంది. మొదటి పేజీలో రెండు అచ్చుతప్పులకు పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. మూడో తప్పు నా కంటపడింది. ఆవిడ అంతదాకా రాలేదు.

వన్ టౌన్‌లో కాగితం గోడౌన్ పైన, ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి దిగాల్సినంత ఇరుకు మెట్లెక్కి వెళితే మా డీటీపీ సెంటర్ వస్తుంది. మేడంగారు అంతకుముందు ఒక బళ్ళో తెలుగు చెప్పేవారు. నలభై దాటాక ఆ ఉద్యోగం వదిలేసి రెండు కంప్యూటర్లతో ఈ సెంటర్ పెట్టారు. బడి వదిలినా మేడం అన్న పిలుపు మాత్రం ఆవిడను వదల్లేదు. పేపరు కట్టలు మోసే హమాలీల దగ్గర్నుంచి పుస్తకాలు వేయించుకునే పెద్దమనుషుల దాకా అందరికీ ఆవిడ మేడంగారే.

నేను డిగ్రీ అయ్యాక పనికోసం వెళ్ళినప్పుడు ఒక పేజీ టైపు చేయించారు. చూసి, “టైపింగ్ వచ్చమ్మా నీకు. తెలుగు రావాలి,” అన్నారు. పనిలో పెట్టుకున్నారో లేదో అర్థంకాక నిలబడి ఉంటే, ఆ రెండో కుర్చీ నాదేనని చెప్పారు.

ఆవిడ ప్రూఫు చూసే పద్ధతి కొత్తవాళ్ళకు విచిత్రంగా ఉండేది. ముందు కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూసేవారు. ఎందుకండీ అని అడిగితే, “చదివితే అక్షరాలు కనపడవమ్మా, మాటలే కనపడతాయి,” అన్నారు. తలకిందులుగా పట్టుకుంటే ఎక్కడ అక్షరాలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయో, ఎక్కడ వత్తు కింది వరుసను తాకుతోందో తెలిసిపోతుంది. ఆటోలో వెళుతుంటే బోర్డులు పైకి చదివేవారు, తప్పుంటే డ్రైవరుకు చెప్పేవారు. ఆయనేదో ఆ బోర్డు రాసినట్టు. మధ్యాహ్నం పెరుగన్నం గిన్నె పట్టుకుని మెట్ల మలుపులో నిలబడి, కింద తోపుడుబళ్ళు చూస్తూ తినేవారు. కంప్యూటర్ ముందు తినడానికి నాకూ అనుమతి లేదు.

ఇంకోటి, ఆకుపచ్చ ఫైలు. మా సెంటర్లో ఉన్న ప్రతి ఫాంటుకూ, అంటే కంప్యూటర్లో వాడే ఒక్కో రకం అక్షరాల మూసకూ, లైసెన్సు కాగితం అందులో ఉండేది. ఫాంటు కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు తెర మీద పేజీలకు పేజీలు షరతులు వస్తాయి, కింద ‘ఒప్పుకుంటున్నాను’ అని ఒక గడి ఉంటుంది. మీరూ నేనూ చదవకుండా దాన్ని నొక్కేస్తాం. ఆవిడ ముందు ఆ షరతులన్నీ ప్రింటు తీసి, ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టి, పక్కన తెలుగులో రాసుకుని, తర్వాత నొక్కేవారు. ఎన్ని కంప్యూటర్లలో పెట్టుకోవచ్చు, పుస్తకం వేయొచ్చా, ఇంకొకరికి ఇవ్వొచ్చా, అక్షరం మార్చొచ్చా. ఒక్కొక్క ప్రశ్నకు ఎదురుగా ఔననో కాదనో చిన్న ముక్క.

మా చుట్టుపక్కల సెంటర్లలో వందల ఫాంట్లు పెన్‌డ్రైవుల్లో చేతులు మారుతుండేవి. మా దగ్గర ఉన్నవి ఏడే ఏడు, ఏడూ కొన్నవి. ఫలానా శుభలేఖ అక్షరం లేదా అని అడిగి, లేదంటే పక్క బిల్డింగుకు వెళ్ళిపోయేవాళ్ళు. నాకు చిన్నతనంగా ఉండేది. ఆవిడకు ఉండేది కాదు.

ఈ పట్టుదల వెనక ఏదో కథ ఉంటుందని నేను చాలాకాలం అనుకున్నాను. ఎవరో మోసం చేసి ఉంటారని, ఏదో దెబ్బ తగిలి ఉంటుందని. ఒకసారి ధైర్యం చేసి అడిగాను కూడా. ఆవిడ నావైపు వింతగా చూశారు. “ఏమీ జరగలేదమ్మా. ఒప్పుకుంటున్నాను అని నొక్కాం కదా. నొక్కింది నేనే కదా.” అంతే. దాని వెనక ఇంకేమీ లేదు.

ఆ మాట మా ఇద్దరి మధ్యకు గొడవగా వచ్చిన రోజు ఒకటుంది. ఆవిడ గురించి మీకు చెప్పాలనుకున్నది ముఖ్యంగా అదే.

చల్లపల్లి దగ్గర చూపు బాగా తక్కువైన పిల్లలకు చదువు చెప్పే చిన్న బడి ఉంది. దాన్ని నడిపే టీచరుగారు ఒక వేసవిలో మా దగ్గరికి వాచకం తెచ్చారు. పాఠాలు ఆవిడే రాసుకున్నారు, బొమ్మలు వేయించుకున్నారు. జూన్‌లో బడి తెరిచేలోపు పుస్తకం కావాలి. మా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా శుభ్రంగా ఉండే ఫాంటులో, పెద్ద సైజులో కంపోజ్ చేసి చూపించాం. అంతా నచ్చింది, నాలుగైదు అక్షరాలు తప్ప. థ లోపలి చుక్క, ధ కింది గీత పిల్లలకు అందడం లేదన్నారు. అన్నిటికన్నా పెద్ద చిక్కు మ, య. రెండింటికీ కుడిపక్క చెయ్యి ఒకేలా పైకి లేస్తుంది. తేడా అంతా ఎడమపక్క పొట్టలో ఉంది. చూపు తక్కువైన పిల్లకు ఆ పొట్ట ఒక నల్లటి ముద్ద. మామయ్య అన్న మాట దగ్గర పిల్లలు ఊహించి చెబుతున్నారే తప్ప చదవడం లేదని బాధపడ్డారు.

ఆ వారం మేడంగారు తమ్ముడుగారింట్లో శుభకార్యానికి ఊరెళ్ళారు. ఫాంటు ఫైలును విప్పి అక్షరాలు మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి నేను అప్పుడే నేర్చుకుంటున్నాను. రెండు రోజులు కూర్చుని ఆ అక్షరాలన్నీ మార్చేశాను. చుక్క పెంచాను, గీత కిందికి లాగాను, మ, య పొట్టల్ని లావు చేశాను. పేజీలన్నీ కొత్త అక్షరాలతో తయారయ్యాయి. టీచరుగారికి పంపితే చాలా సంతోషించారు. ప్రెస్సువాళ్ళకు ఫైళ్ళతోపాటు ఆ మార్చిన ఫాంటును కూడా పంపడానికి సిద్ధం చేసి పెట్టాను.

మేడంగారు వచ్చారు. పేజీలు తలకిందులుగా పట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు. “ఈ ధ బాగా గీశావు,” అన్నారు. ఆవిడ నోట అలాంటి మాట నేను వినడం అదే మొదటిసారి. తర్వాత ఏ ఫాంటని అడిగారు. చెప్పాను. లేచి ఆకుపచ్చ ఫైలు తెచ్చి, ఆ కాగితం తీసి నా ముందు పెట్టారు. ఫాంటు ఫైలును మార్చకూడదు, మార్చినదాన్ని ఇతరులకు ఇవ్వకూడదు అన్న చోట ఎర్ర గీత ఉంది.

నేను చేతనైనంత వాదించాను. డబ్బిచ్చి కొన్నాం కదా అన్నాను. ఎవరికి తెలుస్తుందన్నాను. మనం అమ్ముకోవడం లేదు కదా, పిల్లల కోసం కదా అన్నాను. ఆవిడ గొంతు పెంచలేదు. “ఆ ఫాంటుతో ఏ పుస్తకమైనా వేసుకో, ఆ హక్కు కొన్నాం. ఫాంటును కోసి కుట్టే హక్కు మనం కొనలేదమ్మా. వాళ్ళు అమ్మలేదు కూడా.” అక్షరాలను బొమ్మలుగా మార్చి, ఆ బొమ్మల్ని దిద్దుకుంటే తప్పులేదు కదా అని చివరి ప్రయత్నం చేశాను. అట్టమీద పేరుదాకా అయితే ఆ లైసెన్సు కాగితంలో ఒప్పుకున్నారని, పుస్తకమంతా అలా చేస్తే అది దొడ్డిదారేనని తేల్చేశారు. నేను గీసిన ఫైలును కంప్యూటర్లోంచి నాచేతే తీసేయించారు.

టీచరుగారికి ఫోన్ చేసి, లైసెన్సు కాగితంలో గీత పెట్టిన ఆ షరతు సంగతి ఆవిడే చెప్పారు. తప్పు నామీద వేయలేదు, మా సెంటర్ పొరపాటు చేసిందన్నారు. ఫోన్ స్పీకర్లో ఉంది.  అటునుంచి టీచరుగారు నెమ్మదిగానే అన్నారు. “కాగితం మీద గీత మీకు కనపడింది మేడంగారూ. మా పిల్లలకు కనపడని గీత సంగతేంటండీ?”

మేడంగారు ఫోన్ పెట్టేసి, ఆ లైసెన్సు కాగితాన్ని మళ్ళీ ఆకుపచ్చ ఫైల్లో పెట్టారు. 

నేను నాలుగు రోజులు పనికి వెళ్ళలేదు. ఆవిడ ఫోన్ చేయలేదు. కోపంతో ఇంట్లో కూర్చున్నానుగానీ, నాకేమీ తోచలేదు. ఐదో రోజు నా అంతట నేనే మెట్లెక్కాను. ఆవిడ తలెత్తి చూసి, “ఆ కిటికీ తెరువమ్మా, గాలి ఆడటం లేదు,” అన్నారు. మళ్ళీ ఆ ప్రస్తావన లేదు.

ఆ నాలుగు రోజుల్లో ఆవిడ ఊరుకోలేదని తర్వాత తెలిసింది. ఆ ఫాంటు తయారుచేసిన సంస్థకు ఉత్తరం రాశారు. పిల్లల సంగతి, ఏయే అక్షరాలు, ఎందుకు మార్చాలి, అన్నీ వివరంగా. వారం తిరక్కుండా జవాబొచ్చింది. మర్యాదగానే కాదన్నారు. మార్పులు తామే చేస్తామని, ఇప్పుడున్న పనుల వల్ల ఏడాది దాకా వీలుకాదని, ముందుగా అడిగినందుకు కృతజ్ఞతలని. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ ఆ ఉత్తరాన్ని కూడా ఫైల్లో పెట్టుకున్నారు. అడగడం మన వంతు, కాదనడం వాళ్ళ హక్కు అన్నారు.

జూన్ వచ్చేసింది. బడి తెరిచారు, పుస్తకం లేదు. అప్పుడు మేడంగారు మొదటి నాలుగు పాఠాలూ మార్చని ఆ పాత ఫాంటులోనే ఇంకా పెద్ద సైజులో ప్రింటు తీయించారు. నల్ల స్కెచ్ పెన్ను తీసుకుని కూర్చుని, ప్రతి కాగితం మీదా ప్రతి థ చుక్కనూ, ప్రతి ధ గీతనూ, ప్రతి మ, య పొట్టనూ చేత్తో దిద్దడం మొదలుపెట్టారు. నాకూ ఒక పెన్ను ఇచ్చారు. ఇదెలా కుదురుతుందండీ, అప్పుడు కుదర్లేదు కదా అంటే, “కాగితం మనది, సిరా మనది. ఇక్కడ ఎవరూ వద్దనలేదు,” అన్నారు. శనివారం బస్సెక్కి ఆ కాగితాలు తీసుకుని తనే చల్లపల్లి బయల్దేరారు. వెంట నేనూ వెళ్ళాను.

టీచరుగారు మర్యాద చేశారుగానీ ముభావంగా ఉన్నారు. పిల్లలు పన్నెండు మంది. కాగితాలు ముక్కుకు ఆనించుకుని చదవడం మొదలుపెట్టారు. మా ఇద్దరి చేతులూ నొప్పెట్టేలా దిద్దిన అక్షరాల దగ్గర సగం మంది ఆగిపోయారు. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఇక్కడ లావుగా ఉంది కానీ ఇంకా మసగ్గా అయిపోయిందని చెప్పింది. నా మొహం మాడిపోయింది. నేను ఫాంటులో చేసిందీ అదే కదా, లావు చేయడం.

ఒక కాగితం మీద మేడంగారి పెన్ను జారి య పొట్ట మొత్తం సిరాతో నిండిపోతే, ఆవిడ వైట్నర్‌తో లోపల తెల్లగా చేసి వదిలేశారు. ఆ పిల్లకు ఆ కాగితమే వచ్చింది. ఆ య దగ్గర మాత్రం ఆగకుండా చదివేసింది. మేడంగారు వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివింది. బ్యాగులోంచి వైట్నర్ తీసి, అక్కడే నేలమీద కూర్చుని, ఒక్కొక్క అక్షరం పొట్టనూ లోపలినుంచి తెరుస్తూ పోయారు. తడి ఆరేదాకా పిల్లలు చుట్టూ మూగి ఎదురుచూశారు. టీచరుగారు కూడా వచ్చి పక్కన కూర్చున్నారు.

తిరుగు బస్సు ఉయ్యూరు దాటింది. అప్పుడు మేడంగారన్నారు, “మనం నలుపు పెంచాం. వాళ్ళకు కావాల్సింది తెలుపు.”

ఆ తర్వాత దారి ఆవిడే వెతికారు. అక్షరాలు గీసేవాళ్ళలో కొందరు తమ ఫాంటును లోకానికి వదిలేస్తారు. వాడుకోండి, మార్చుకోండి, పంచుకోండి అంటారు. షరతులు మూడో నాలుగో ఉంటాయి. మార్చినదానికి పాత పేరు పెట్టకూడదు. దాన్ని కూడా అదే లైసెన్సుతో అందరికీ వదలాలి. ఫాంటును మాత్రమే విడిగా అమ్ముకోకూడదు. అలాంటిదొకటి ఎంచుకుని, షరతులు ప్రింటు తీసి, ఎర్ర పెన్సిలు పెట్టి, అక్షరం మార్చొచ్చా అన్న ప్రశ్న ఎదురుగా ‘ఔను’ అని రాశారు. ఆ ఔనును నాకు చూపించారు కూడా.

పుస్తకమంతా మొదటినుంచీ మళ్ళీ కంపోజ్ చేశాం. ఆవిడ గ్రాఫ్ కాగితం మీద అక్షరం గీస్తే నేను కంప్యూటర్లోకి ఎక్కించేదాన్ని. శనివారం శనివారం బస్సు, చల్లపల్లి, నేలమీద పిల్లలు, వాళ్ళు ఆగిన చోట ఒక పెన్సిలు గుర్తు. సోమవారం మళ్ళీ గీయడం. ఆవిడకు అప్పటికే మోకాళ్ళ నొప్పులు. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకునేవారు, ఎక్కాక వదిలేసేవారు. నేను రెండు రోజుల్లో చేసిన పని ఆవిడతో మూడు నెలలు పట్టింది. నా పాత ప్రింటునూ దీన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాది కళ్ళున్నవాళ్ళు గీసింది, ఇది ఆ పిల్లల పక్కన కూర్చుని గీసింది. నాకు సిగ్గేసిందిగానీ, అదొక మంచి సిగ్గు.

ఒక శనివారం ఆ ఎనిమిదేళ్ళ పిల్ల మామయ్య అన్న మాటను వేలు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమే పలుకుతూ, ఊహించకుండా చదివింది. కొత్త ఫాంటుకు పేరు కావాల్సి వచ్చినప్పుడు టీచరుగారు మేడంగారి పేరు పెడదామన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. ‘మామయ్య’ అని పెట్టించారు. అసలు ఫాంటు గీసి వదిలినాయన పేరు మాత్రం ఫైలు లోపలి సమాచారంలో మొదటి వరుసలో ఉండాలన్నారు, ఉంచాం. తన పేరు ఎక్కడా రాయనివ్వలేదు.

దసరా సెలవులయ్యాక పుస్తకం వచ్చింది. దాంతోపాటు ఫాంటును కూడా టీచరుగారి కంప్యూటర్లో నా చేతులతో ఎక్కించాను. మొదట నేను చేసింది అయితే ఆవిడకు ఇవ్వడానికి వీల్లేదు, ఇస్తే ఆవిడనూ తప్పులోకి లాగినట్టే. ఇది ఎవరికైనా ఇవ్వొచ్చు. ఆ రోజు టీచరుగారు స్వయంగా ఒక పరీక్ష పేపరు టైపు చేసుకుని, ప్రింటు తీసి, దాన్ని అలాగే చూస్తూ కూర్చుండిపోయారు. తర్వాత మేడంగారి చేయి పట్టుకుని, ఫోన్లో ఆ రోజు అన్న మాట మనసులో పెట్టుకోవద్దన్నారు.

“మీరన్నది నిజమేనండీ,” అన్నారు మేడంగారు. “నాకు కనపడలేదు. అందుకే వచ్చాను.”

రెండేళ్ళ క్రితం మోకాళ్ళు బొత్తిగా మొరాయించి, ఆ ఇరుకు మెట్లు ఎక్కలేక సెంటర్ నాకు అప్పగించారు. అప్పుడు కూడా ఏడు ఫాంట్ల వాళ్ళకూ ఏడు ఉత్తరాలు రాసి, హక్కు నా పేరుకు మార్చవచ్చా అని అడిగారు. జవాబులన్నీ వచ్చేదాకా నన్ను ఆ ఫాంట్లు ముట్టుకోనివ్వలేదు. మూడు వారాలు ‘మామయ్య’ ఒక్కదానితోనే పని చేశాను. పెళ్ళికార్డులు కూడా అందులోనే. ఒక పెద్దాయన మాత్రం, ఈ కార్డు మా అమ్మ కళ్ళజోడు లేకుండా చదివిందని చెప్పి వెళ్ళాడు. మేడంగారికి చెబితే నవ్వారు.

ఆవిడతో పనిచేయడం తేలికని చెప్పను. మెచ్చుకోలు చాలా పొదుపు. వచ్చిన గిరాకీ కళ్ళముందే వెనక్కిపోతుంటే చూస్తూ ఊరుకునే మనిషి. కానీ ఏ పని చేస్తున్నా, అది ముందు ఎవరో చేసి పెట్టినదాని మీద చేస్తున్నామని ఆవిడ మరిచిపోలేదు. “అక్షరం గీసినవాడు ఎక్కడో ఒకచోట ఉంటాడమ్మా. మనకు కనపడడు, అంతే,” అనేవారు. ఇప్పుడు ఆవిడా కనపడరు.

పోవడానికి నెల ముందు నేను భవానీపురం వెళ్ళి ఆవిడకొక కాగితం చూపించాను. ఎవరో మాకు తెలియనివాళ్ళు, వేరే జిల్లావాళ్ళు, మెయిల్ పంపారు. ముసలివాళ్ళు మందుల చీటీలు చదువుకోవడానికి వీలుగా ‘మామయ్య’ను తీసుకుని ఇంకొంచెం మార్చుకున్నామని, షరతు ప్రకారం వేరే పేరు పెట్టామని, చూసుకోమని నమూనా పేజీ జతచేశారు. మేడంగారి య ను వాళ్ళు బాగా మార్చేశారు. ఎన్ని శనివారాలు బస్సెక్కి సాధించిన అక్షరమది. చూపించాలా వద్దా అని దారంతా ఆలోచించుకుంటూ వెళ్ళాను.

ఆవిడ కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకున్నారు. ఆ య దగ్గర ఆగారు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. వినిపించుకోలేదు. కాగితం ఒళ్ళో పెట్టుకుని, ఎడమ అరచెయ్యి చాపి, దానిమీద కుడి చూపుడువేలితో ఆ కొత్త య ను వాళ్ళు గీసినట్టే గీశారు. ఇంకోసారి గీశారు. “ఇదే నయం,” అన్నారు. వేలు ఆగలేదు. నేను లేచి చెప్పులు వేసుకుంటున్నా, గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసినా, ఆవిడ తల వంచుకుని, చేతివేలు అరచేతిలో తిప్పుతూ, ఎవరో గీసిన ఆ అక్షరాన్ని నేర్చుకుంటూనే ఉన్నారు.